పెసలు, మినుములు, రాజుగారి పాట

ఒక రాజు రోజూ తెల్లవారకముందే కోటగోడ ఎక్కి పాడేవాడు. గొంతు బొంగురు, శ్రుతి ఎటో పోయేది. అయినా పాడేవాడు. రాజ్యం తండ్రి ఇచ్చాడు, కిరీటం పురోహితుడు పెట్టాడు. తనదంటూ పాపం ఆయనకున్నది ఆ పాటొక్కటే.

ఒకనాడు ఆయనకు అనుమానం పట్టుకుంది. "ఊళ్లో సగంమందికైనా నా పాట నచ్చాలి. లేదంటే మానేస్తాను," అన్నాడు.

మంత్రి కోటగుమ్మంలో నిలబడి వచ్చినవాళ్లనల్లా అడిగి, చక్కా తిరిగొచ్చాడు. "అందరికీ నచ్చింది మహాప్రభో. ఒక్కరూ కాదనలేదు."

రాణి పకపకా నవ్వింది. "గుమ్మం దగ్గరికి వచ్చేది మీతో పని పడ్డవాళ్లు. మీ పాటేమిటి, మీ తుమ్ము కూడా బాగుందంటారు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకు చూస్తే చాలు, నిజమే. కానీ ముందు గరిటె పెట్టి అడుగుదాకా కలపాలి కదండీ."

ఊళ్లో ఇంటికో పెంకుముక్క చొప్పున తీసుకుని, దానిమీద ఆ ఇంటి గుర్తు గీయించారు. అన్నీ పెద్ద గాబులో పోసి కలిపారు. రాణి కళ్లు మూసుకుని వంద తీసింది. ఆ ఇళ్లకు మూతి సన్నటి కుండ వెళ్లింది. పాట బాగుంటే పెసరగింజ, లేకపోతే మినపగింజ వెయ్యాలి. గుప్పిట్లో ఏముందో వేసినవాళ్లకే ఎరుక.

కుండ బోర్లిస్తే పెసలు ముప్పై, మినుములు డెబ్బై.

మంత్రి సర్దిచెప్పబోయాడు. "ఏదో మన ఖర్మకొద్దీ అలాంటి ఇళ్లే తగిలాయి ప్రభూ. నిజంగా సగంమందికి నచ్చినా, తీసినప్పుడు కాస్త అటూఇటూ అవుతుంది."

"అటూఇటూ అంటే నాలుగైదు గింజలు తగ్గుతాయి. ఇన్ని తగ్గుతాయా?" అంది రాణి. అయినా మొగుడి మొహం చూసి జాలేసి, పెంకులు మళ్లీ కలిపి ఇంకో వంద తీసింది. ఈసారీ ఇంచుమించు అంతే.

రాజు వాదించలేదు. మర్నాడు గోడ ఎక్కలేదు. దుప్పటి ముసుగేసుకుని, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

బారెడు పొద్దెక్కాక ఊరు ఊరంతా కోట ముందుకు వచ్చి పడింది. అందరికంటే ముందు అట్లు పోసుకునే ముసలమ్మ.

"ఏం నాయనా, ఒంట్లో బాగాలేదా? పాట వినబడక మా గేదె పాలు చేపలేదు. మనవరాలు ఇంకా పక్క దిగలేదు. నా పొయ్యి ఇప్పటికీ వెలగలేదు."

"నా పాట బాగాలేదన్నారు కదమ్మా," అన్నాడు రాజు.

"బాగాలేదు," అంది ముసలమ్మ. వెనకాల ఊరంతా తలూపింది. "అడిగారు, చెప్పాం. మనింటి పులుసుకి వంక పెట్టకుండా ఏనాడైనా తిన్నామా? మెచ్చుకోడానికి పొరుగింటి పుల్లకూర ఉండనే ఉంది. అంతమాత్రాన పొయ్యి ఆర్పేసుకుంటామా? పాట మానమని ఎవరన్నారు? ఆ మాట మమ్మల్ని అడిగారా?"

రాజు రాణి వైపు చూశాడు. రాణి మంత్రి వైపు చూసింది. మంత్రి గాబు వైపు చూశాడు.

మర్నాడు చీకటుండగానే రాజు గోడ ఎక్కాడు. సంతోషంతో గొంతు వణికి, శ్రుతి ఎప్పటికన్నా దూరం పోయింది. కింద వీధిలోంచి ఎవరో "ఇవాళ మరీ ఘోరంగా ఉందయ్యా" అని కేకేశారు.

రాజు ఆనందం పట్టలేక ఇంకో చరణం ఎత్తుకున్నాడు.