తిప్పన్న ఏరిన రాళ్లు

"నోరు మూసుకుని కూర్చో ఓంకారయ్యా. పరాయి మఠంలో నాలుగు పూటలు తిని వచ్చావో లేదో, నీకు మన మఠం పెంటకుప్పలా కనిపిస్తోంది. ఇన్నాళ్లూ నా దగ్గర నేర్చుకున్నది ఇదేనా?"

నంజుండయ్యగారు ఇంత గట్టిగా కసరడం ఓంకారయ్య ఎన్నడూ వినలేదు. తను అడిగిన ప్రశ్న అతనికి న్యాయంగానే తోచింది. కుందూ నది ఒడ్డున ఉన్న పెద్ద మఠానికి ఉత్సవం చూడటానికి వెళ్లాడు. అక్కడ శిష్యులంతా ఒకే వరసలో కూర్చుంటారు, ఒకే గొంతుతో చదువుతారు, వంటశాలలో చెంబు చప్పుడైనా వినిపించదు. తిరిగి కొండెక్కి ఈ గుహ మఠానికి వచ్చేసరికి ఇక్కడ ఏముంది? వంట చేసే ఈరమ్మవ్వ పొద్దున లేచింది మొదలు అందరినీ తిడుతూ ఉంటుంది. భజనలో కొట్రప్ప గొంతు ఎప్పుడూ తాళానికి ముందో వెనకో పడుతుంది. మేకలు తోలుకుని వచ్చే హనుమంతు ప్రవచనం మొదలుకాగానే గురక పెడతాడు. "స్వామీ, ఇటువంటి మొరటువాళ్లను పంపించేస్తే గాని మన మఠం బాగుపడదు. ఎందుకు ఉంచుకున్నారు వీళ్లను?" అని అడిగాడు. అడగడమే కాదు, మీరు ఊ అంటే ఈ పూటే చెప్పేస్తానని కూడా అన్నాడు. ఈరమ్మవ్వకు ఆ మఠం తప్ప తల దాచుకునే చోటు లేదని అతనికి తెలుసు. తెలిసే అన్నాడు.

ఓంకారయ్య ఆ మఠానికి మంచి వానల కాలంలో వచ్చినవాడు. అంతకుముందు కరువులో అక్కడ ఎవరు మిగిలారో, ఎవరు మూట కట్టుకుని దిగిపోయారో అతను చూడలేదు.

నంజుండయ్యగారికి వాదన గిట్టదు. ఎవరైనా ప్రశ్న వేస్తే అన్నంలో రాయి తగిలినట్టు మొహం పెడతారు. తర్వాత ఎక్కడో జరిగిన సంగతి ఒకటి చెబుతారు. అర్థం అయిందా అని మాత్రం అడగరు. ఆ రోజు చెప్పిన సంగతి ఇది.

ఈ కొండ వెనకవైపు వాలులో తిప్పన్న అనే రైతు ఉండేవాడు. ఈ కొండల మీద చేలు ఎటువంటివో చూసినవాళ్లకు తెలుసు. పైన జానెడు ఎర్రమన్ను, దాని కింద తెల్లటి సుద్ద, సుద్ద కింద బండ. ఆ జానెడు మన్ను కూడా కంటికి ఆనదు. చేనంతా పిడికిలంత రాళ్లు పరుచుకుని ఉంటాయి. కొత్తవాడు చూస్తే ఇక్కడ మనుషులు విత్తనం ఎక్కడ వేస్తారా అనుకుంటాడు. వాన వస్తే ఏడాదిలో రెండు మూడుసార్లు వస్తుంది, వచ్చినప్పుడు కుండ బోర్లించినట్టు వస్తుంది. అయినా కొర్రలో, ఉలవలో, కాస్త ఆముదమో ఇంటికి చేరేది. తిప్పన్న వాళ్ల ఇంట్లో ఒక ఆచారం ఉంది. విత్తనం వేసే రోజు ఇంటి యజమాని చేని నడుమ నిలబడి ఒక రాయి తిరగేస్తాడు. దాని కింద తడి వేలికి అంటితే, ఆ వేలు కళ్లకు అద్దుకుని, రాయిని మళ్లీ అదే గుంటలో అదే తీరుగా పెట్టి, అప్పుడు విత్తనాలు వేసే గొర్రు కడతాడు.

తిప్పన్న పెళ్లి కుందూ ఒడ్డు నల్లరేగడి ఊళ్లో చేసుకున్నాడు. మామగారి చేలో చెయ్యి దించితే మోచెయ్యి దాకా మన్నే. గులకరాయి కూడా ఉండదు. బావమరిది సుంకన్న నోరు మంచిది కాదు. ఒకసారి అక్కను చూడటానికి కొండకు వచ్చి, చేని గట్టు మీద నిలబడి పకపకా నవ్వాడు.

"ఏంది బావా, మీ ఊళ్లో రాళ్లు విత్తుతారా? ఈ ఏడు బాగానే మొలిచినట్టుండాయే! కోతలకు మమ్మల్ని పిలుస్తావా, సమ్మెటలు తీసుకుని వస్తాం."

పక్కన భార్య కూడా నవ్వింది. ఆ నవ్వు తిప్పన్నకు ముల్లులా దిగింది. మనిషి తనకున్నదాన్ని చూసి సిగ్గుపడటం మొదలుపెడితే ఇక ఎవరు చెప్పినా వినడు. మర్నాడే గంపలు తీసి, చేలో ఈ మూల నుంచి ఆ మూలకు రాళ్లు ఏరడం మొదలుపెట్టాడు.

తల్లి హంపమ్మ కర్ర పొడుచుకుంటూ చేని దగ్గరికి వచ్చింది.

"ఒరే తిప్పా, మీ నాయనా, జేజినాయనా ఈ రాళ్ల మధ్యనే మడక తిప్పినార్రా. చేతులు లేక ఏరలేదనుకుంటివా? అది చేను కప్పుకున్న గుడ్డరా. ఎండకైనా వానకైనా అదే అడ్డం. దాన్ని విప్పొద్దు."

"నీకేం తెలుసమ్మా? నువ్వు కుందూ గట్టు చూసినావా?"

"చూళ్లేదు. చూసుంటే నాకూ నీ మాదిరే తిక్క పట్టుండు."

అతను గంప దించలేదు. పనికిమాలిన పట్టుదల ఎక్కువ ఉన్నవాడికి ఒళ్లు వంచడం కష్టం కాదు. వేసవి అంతా మోశాడు. వాలుకు అడ్డంగా తాతలు పేర్చిన రాతికట్టను కూడా వంకరగా ఉందని విప్పేశాడు. ఆ రాళ్లన్నిటితో ఇంటి చుట్టూ ఎత్తైన గోడ కట్టించాడు. బావమరిది దగ్గరికి పోయి రేగడిలో దున్నే బరువైన ఇనుప మడక తెచ్చి, ఎద్దులు నోట నురగలు కక్కేదాకా లోతుగా దున్నాడు. చేను ఎర్రగా నున్నగా పెళ్లిపీటలా తయారైంది. పోయేవాళ్లు నిలబడి చూశారు. సుంకన్న కూడా వచ్చి, "ఇప్పుడు చేను అనిపించుకుంది బావా" అన్నాడు. ఆ ఒక్క మాట కోసమే తిప్పన్న అంత కష్టమూ పడ్డాడు.

ఇక్కడ ఓంకారయ్య ఉండబట్టలేక, "కష్టపడ్డవాడిని తప్పు పట్టడం ఎందుకు స్వామీ? చేను బాగు చేసుకున్నాడు కదా" అన్నాడు.

"అందుకే నోరు మూసుకోమన్నాను" అన్నారు నంజుండయ్యగారు.

తొలకరి పడింది. విత్తే రోజు తిప్పన్న చేని నడుమ నిలబడ్డాడు. తిరగేయడానికి రాయి లేదు. ఒక క్షణం అటూ ఇటూ చూసి, ఇదొక పాత చాదస్తం అనుకుని గొర్రు కట్టాడు. కొర్ర మొలిచింది. కానీ లోతు దుక్కికి అడుగున ఉన్న సుద్ద పైకి వచ్చి మన్నులో కలిసింది కాబట్టి మొలక పసుపు తిరిగింది. రాళ్ల నీడ లేని మన్ను పెనంలా కాలి, ఉన్న కాస్త తడీ ఆవిరైపోయింది. దిగువన దాయాది మారెప్ప చేలో మాత్రం రాళ్ల సందుల్లోంచి పైరు పచ్చగా లేచి ఉంది. ఇంత చూసినా తిప్పన్న విత్తనాన్ని తిట్టాడు, ఎద్దులను తిట్టాడు, చివరికి తల్లి దిష్టి తగిలిందన్నాడు.

తర్వాత అసలు వాన వచ్చింది. ఒక్క మధ్యాహ్నం కురిసింది, అంతే. నున్నటి వాలు మీద పడిన నీటికి ఆగడానికి ఒక్క రాయి లేదు, అడ్డు తగలడానికి కట్ట లేదు. ఎర్రటి బురద కాలువలు కట్టి దిగువకు జారిపోయింది. వాన వెలిశాక తిప్పన్న పరుగెత్తుకుంటూ పోయి చూస్తే, చేని నడుమ ఏనుగు వీపులాంటి బండ కడిగినట్టు మెరుస్తోంది. మన్నంతా మారెప్ప రాతికట్ట దగ్గర ఆగి, అతని రాళ్ల మధ్య ఒత్తుగా పేరుకుని ఉంది.

తిప్పన్న గంప పట్టుకుని అతని గట్టు మీదికి పోయాడు. "మారెప్పా, ఆ మన్ను నాదిరా. నా తాతల నాటిది."

మారెప్ప చెడ్డవాడు కాదు, కానీ ఆ గోడ కట్టిన రోజుల్లో తిప్పన్న తనను చూసి రాళ్లు పండించేవాడని నవ్వడం మర్చిపోలేదు. "నీదే అన్నా, కాదన్నదెవరు? రాళ్లు ఏరడంలో నీ అంత పనిమంతుడు లేడు గదా. నీ మన్నేదో, నా మన్నేదో ఏరుకుని తీసుకుపో."

ఊరంతా నవ్వింది. తిప్పన్న ఇంటి గోడ పడగొట్టాడు. మళ్లీ గంపలకెత్తి రాళ్లన్నీ చేలోకి మోశాడు, ఎక్కడెక్కడివో గుర్తు తెచ్చుకుంటూ పరిచాడు. బండ మీద రాళ్లు పరిస్తే ఏం పట్టి ఉంచుతాయి? అవి పట్టి ఉంచవలసింది వెళ్లిపోయింది. హంపమ్మ వచ్చి చూసింది. తిట్టలేదు. ఆమె తిట్టకపోవడమే అతను తట్టుకోలేకపోయాడు.

నంజుండయ్యగారు అక్కడ ఆగారు. ఓంకారయ్య తల వంచుకుని, "తర్వాత ఏమైంది స్వామీ?" అన్నాడు. అతని గొంతులో ఇందాకటి జోరు లేదు.

"ఏమవుతుంది? మరుసటి ఏడు విత్తనాల వేళకు ఇంట్లో గింజ లేదు. మారెప్ప చేలోకే కూలికి పోయాడు. గొర్రు కట్టే ముందు, అలవాటు కొద్దీ వంగి ఒక రాయి తిరగేశాడు. కింద తడి ఉంది. తన తాతల మన్ను. పరాయి చేలో నిలబడి, ఆ తడి కళ్లకు అద్దుకుని, రాయిని మళ్లీ అదే గుంటలో పెట్టాడు. బతికినన్నాళ్లూ అదే చేలో కూలి చేశాడు."

అప్పుడే వంటశాల నుంచి ఈరమ్మవ్వ గొంతు గుహంతా మోగింది. "ఏమప్పా ఓంకారయ్యా, సంకటి చల్లారి రాయవుతా ఉంది! సామి మాటలే మింగి కడుపు నింపుకుంటావా? నాకేమన్నా పదిమంది కోడళ్లు ఉన్నారా, ఒక్కొక్కడికి ఒక్కోసారి వడ్డించేదానికి?"

ఓంకారయ్య లేచి నిలబడ్డాడు, కానీ అడుగు ముందుకు పడలేదు.

"వెళ్లు" అన్నారు నంజుండయ్యగారు విసుగ్గా, విభూతి పెట్టె మూస్తూ. "ఆమెను కొండ దిగిపొమ్మని చెప్పేది నువ్వే కదా. ఇక్కడే కూర్చుని వింటాను."