మేకుకి వేలాడే బెల్ట్

రత్తయ్య మేస్త్రి కుర్చీ వెనక గోడకి ఒక మేకుంది. ఆ మేకుకి ఎప్పుడూ ఒక టైమింగ్ బెల్ట్ వేలాడుతుంటది. రెండేళ్ళకోసారి మేస్త్రి విజయవాడ బస్సెక్కి, ఆటోనగర్‌లో అదే నంబరు బెల్ట్ కొత్తది కొనుక్కొచ్చి అక్కడ తగిలిస్తాడు. పాతదాన్ని హాక్సా బ్లేడుతో మూడు ముక్కలు కోసి చెత్తలో వేస్తాడు. ఆ పాతది ఒక్కరోజు కూడా ఏ బండిలోనూ తిరిగి ఉండదు. ఎవరికి మేస్త్రీ ఇది అని అడిగితే "రావాల్సినోళ్ళకి" అంటాడు. పదేళ్ళు దాటింది, ఆ రావాల్సినోళ్ళు రాలేదు.

పోనీ డబ్బులెక్కువై చేస్తన్నాడా అంటే, ఒంగోలు మొత్తంలో అంత పిసినారి మెకానిక్ ఇంకొకడు లేడు. ఆయిల్ ఫిల్టర్ మార్చాలంటే కార్ల కంపెనీ పేరున్న డబ్బాలోది కొననివ్వడు. ఆ కంపెనీకి ఫిల్టర్లు చేసిపెట్టే ఫ్యాక్టరీయే అదే సరుకుని సొంత డబ్బాలో పెట్టి సగం ధరకి అమ్ముద్ది, అది ఏ కొట్లో ఏ అరలో దొరుకుద్దో ఆయనకి తెలుసు. సైడ్ అద్దాలు, ఫ్యాన్లు, తలుపు హ్యాండిళ్ళు తుక్కు కొట్లో ఏరుకొస్తాడు. రబ్బరు వస్తువు మాత్రం తుక్కులోది ముట్టుకోడు. కస్టమర్ రూపాయి ఎక్కువ పెడితే తన జేబుకి చిల్లు పడినట్టు మొహం పెడతాడు. అట్టాంటి మనిషి ఎవరికీ పనికిరాని బెల్ట్ కొని కొని కోసి పారేయడం ఏందో షెడ్డులో ఎవరికీ అర్థమయ్యేది కాదు.

మా అక్క సునీత డిప్లమా అయ్యాక నాలుగేళ్ళ నుంచి ఆయన దగ్గరే పని నేర్చుకుంటోంది. చవగ్గా సరుకు పట్టడంలో మేస్త్రిని దాటేయాలని అక్కకి పట్టుదల. ఆయన కాళ్ళరిగేలా తిరిగి పట్టేది అక్క ఫోన్లో పట్టేస్తది. మొన్న మే నెలలో నెల్లూరులో ఎవరో కొట్టు మూసేస్తూ మిగిలిన సరుకు అమ్ముతుంటే, ఒక టైమింగ్ బెల్ట్ తెప్పించింది. ఒరిజినలే. డబ్బా సీలు కూడా తియ్యలేదు. ధర చూసి మేస్త్రే కళ్ళెగరేశాడంట. దాన్ని నాగేంద్రమ్మ ఆంటీ కారుకి వేసింది.

నాగేంద్రమ్మ ఆంటీ దోసెల పిండి రుబ్బి పద్నాలుగు హోటళ్ళకి వేస్తది. కారు పాతది, వెనక సీటు పీకేసి అందులో ఆరు డ్రమ్ములు పెట్టుకుంటది. ఇంట్లో ముగ్గురు బతికేది ఆ కారు మీదే. ఒక్కపూట పిండి రాకపోతే ఆ హోటళ్ళు పట్టుకుపోడానికి ఇంకొకడు కాసుకుని ఉన్నాడు.

మూడు నెలలకి ఆయిల్ మార్చడానికి ఆంటీ వచ్చింది. అక్క ఎందుకో అనుమానమొచ్చి బెల్ట్ మీద మూత తీసి చూస్తే, వెనకవైపంతా సన్నగా పగుళ్ళు. నాలుగేళ్ళు రావాల్సిన బెల్ట్. ఇంజన్‌లో పైనుండే వాల్వులూ కిందుండే పిస్టన్లూ ఒకదాన్నొకటి గుద్దుకోకుండా వరసలో తిప్పేది అదే. నడిచే బండిలో అది తెగితే ఇంజన్ మొత్తం పోయినట్టే. తను తెచ్చిన చవక బెల్ట్ మీదే అక్కకి అనుమానం పోయింది. కానీ నోటికి వచ్చింది మాత్రం వేరే మాట. ఆరు డ్రమ్ములు ఒకేసారి ఎక్కిస్తే లోడ్ పడదా ఆంటీ, అందుకే ఇట్టా అయింది అనేసింది. ఆంటీ నమ్మేసింది. ఇకనుంచి మూడేసి డ్రమ్ములతో రెండు ట్రిప్పులు కొడతాలే అని బయట బల్ల మీద కూర్చుని, రోజూ ఇంకెంత ముందు లెయ్యాలో వేళ్ళ మీద లెక్కేసుకుంటోంది.

అక్క ఊళ్ళో కొట్లన్నిటికీ ఫోన్ చేసింది. ఆ బెల్ట్ ఎక్కడా లేదు, విజయవాడ నుంచి రేపు సాయంత్రానికి వస్తదన్నారు. అప్పుడు కళ్ళు మేకు మీదకి పోయినయ్. అది వేరే కారు బెల్టే గానీ, ఆ కారుకీ ఆంటీ కారుకీ పేర్లే వేరు, లోపల ఇంజన్ ఒకటే. నంబరు చూసింది, అక్షరం తేడా లేదు. పక్క బండికి బ్రేకులు చూస్తున్న మేస్త్రి దగ్గరకెళ్ళి ఆ బెల్ట్ ఇవ్వమని అడిగింది.

మేస్త్రి ఇస్తాననీ అన్లేదు, ఇవ్వననీ అన్లేదు. ఆమెకేం చెప్పావని అడిగాడు. ఉన్నదే చెప్పా, లోడ్ ఎక్కువైందని చెప్పా అంది అక్క. ఆయన పని ఆపి చూశాడు, తిట్టలేదు. తిట్టకపోయేసరికి అక్కకి ఇంకా మండింది.

"కంపెనీ బెల్ట్ మేస్త్రీ. సీలు నేనే తీశా. చవగ్గా దొరికితే తెచ్చి ఆమెకి మంచే చేశా. ఇందులో నా తప్పేముందో చెప్పు."

మేస్త్రి చేతులు తుడుచుకుని గ్రీజు డబ్బా బోర్లించి కూర్చున్నాడు. కారులోంచి తీసిన బెల్ట్ అడిగి తీసుకుని, వెనక్కి వంచి, పగుళ్ళ మధ్య ఉన్న చిన్న అంకెలు అక్కకి చూపించాడు. తయారైన తేదీ. తొమ్మిదేళ్ళయింది. రబ్బరు తిరిగితేనే పాడవుద్దని కాదు, ఊరికే ఉన్నా ఎండిపోద్ది, సీలుకి ఆ సంగతి తెలీదు అన్నాడు. తర్వాత తప్పు సంగతి వదిలేసి జిలానీ సంగతి ఎత్తుకున్నాడు.

జిలానీ స్టేషన్ దగ్గర టాక్సీ తోలేవాడు. ఇద్దరిదీ ఒకటే క్యారేజీ, ఒకరింటి కూర ఇంకొకరు తినేవాళ్ళు. ఒకసారి గుంటూరులో ఒక డీలరు గోడౌన్ ఖాళీ చేస్తుంటే మేస్త్రికి జిలానీ కారు బెల్ట్ కారుచవగ్గా దొరికింది. జిలానీ బండికి అప్పుడే బెల్ట్ మార్చారు, మళ్ళీ కావాల్సొచ్చేది నాలుగైదేళ్ళకి. అయినా ఫ్రెండు కదా అని కొనేసి, రేకుల షెడ్డు అటక మీద గుడ్డలో చుట్టి దాచాడు. దాచింది గుర్తొచ్చినప్పుడల్లా సంబరపడేవాడంట. ఒంగోలు ఎండలకి ఆ రేకుల కింద ఐదు ఎండాకాలాలు ఉడికింది అది.

టైమొచ్చింది. డబ్బులిస్తా, విజయవాడ నుంచి కొత్తది తెప్పించు రత్తయ్యా అన్నాడు జిలానీ. మేస్త్రి అటకెక్కి గుడ్డ విప్పి, నీకోసమే ఐదేళ్ళు దాచానురా అని సీలు చూపించాడు. పైసా తీసుకోలేదు. జిలానీ ఆ డబ్బా పట్టుకుని స్టేషన్ అంతా తిరిగి చూపించుకున్నాడంట, ఇట్టాంటోడు మీకున్నాడా అని.

నాలుగు నెలలకి తిరుపతి బాడుగ మీద పోతుంటే కావలి దాటాక బండి ఆగిపోయింది. దెబ్బలెవరికీ తగల్లేదు. తాడు కట్టి లాక్కొచ్చారు. మేస్త్రి విప్పాడు. బెల్ట్ పళ్ళు ఊడిపోయినయ్, వాల్వులు వంగిపోయినయ్, పిస్టన్లకి గుంటలు. చూసీ చూడగానే మేస్త్రికి తెలిసిపోయింది. కానీ చుట్టూ పక్క షెడ్ల మెకానిక్‌లు నలుగురు నిలబడి ఉన్నారు. బండి వేడెక్కనిచ్చావు, రేడియేటర్‌లో నీళ్ళు చూసుకోవా అని జిలానీని కసిరాడు. ఇరవై ఏళ్ళు బండిని పిల్లాడిలా సాకినోడిని పట్టుకుని, బండి చూసుకోవడం రాదన్నాడు.

జిలానీ బెల్ట్ చేతిలోకి తీసుకుని చూశాడు. తర్వాత మేస్త్రి మొహం చూశాడు. "అంతేలే రత్తయ్యా" అన్నాడు. మర్నాడు బండి తీసుకెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ షెడ్డు గడప తొక్కలేదు. ఇంజన్ చేయించుకునే స్తోమత లేక జీతానికి ఎవరి బండో తోలి, చివరికి కందుకూరు వెళ్ళిపోయాడని మేస్త్రి విన్నాడు.

కందుకూరు ఎంత దూరం మేస్త్రీ, గంట బస్సు అంది అక్క.

అదేనమ్మా, గంటే అన్నాడు మేస్త్రి. రేపు పోదాం, పండగెళ్ళాక పోదాం అనుకున్నాడు. ఉత్త చేతుల్తో ఎట్టా పోవాలని కొత్త బెల్ట్ కొన్నాడు. పోలేదు. తేదీ పాతబడిందని ఇంకోటి కొన్నాడు. అసలు ఆ కారే లేదని ఆయనకి మొదట్నుంచీ తెలుసు. ఎవరి బండికో ఫ్యాను కావాలని బైపాస్ తుక్కు కొట్లో ఏరుతుంటే ఒక ఫ్యాను చేతికొచ్చింది. దాని వైరుకి ఉన్న ముడి జిలానీ బండికి తన చేత్తో వేసిన ముడి. అక్కడే పడేసి వచ్చాడు. ఆ తర్వాత కూడా బెల్టులు కొంటూనే ఉన్నాడు.

పోయినేడాది జిలానీకి బాలేదని ఎవరో చెబితే అప్పుడు వెళ్ళాడు. మంచం మీద శుభ్రంగా కూర్చుని ఉన్నాడంట. మనిషి బాగానే ఉన్నాడు, మతిమరుపు. పెళ్ళాన్ని కూడా ఒకపూట గుర్తుపడితే ఒకపూట పట్టడు. మేస్త్రిని చూసి, రండి కూర్చోండి, ఎవరు కావాలి అని మర్యాదగా అడిగాడు. మేస్త్రి ఆపుకోలేక మొత్తం చెప్పేశాడు. అటక, గుడ్డ, సీలు, నలుగురిలో ఆడిన అబద్ధం, అన్నీ. జిలానీ ఒక్క ముక్క వదలకుండా విన్నాడు. ఎవరో డ్రైవరు కథ విన్నట్టు విని, పాపం అన్నాడు. మేస్త్రి చెయ్యి పట్టుకున్నాడు.

"నాకు చెప్తే ఏముంది సార్, పోయి ఆయనకి చెప్పండి. ఎదురుచూస్తా ఉంటాడు."

ఇది చెప్పి మేస్త్రి మేకు వైపు చూశాడంట. మరి ఈ బెల్ట్ మళ్ళీ ఎందుకు కొన్నావని అడగబోయి అక్క ఆగిపోయింది. ఆయనే చెప్పాడు, చెప్పమంది వాడే కదా, ఎదురుచూస్తుంటాడని కూడా అన్నాడు కదా అని. గ్రీజు డబ్బా మీంచి లేచి మళ్ళీ బ్రేకుల దగ్గరకి పోయాడు. మేకు మీది బెల్ట్ సంగతి ఎత్తలేదు. నాగేంద్రమ్మ సంగతీ ఎత్తలేదు.

అక్క పగిలిన బెల్ట్ తీసుకుని బయట బల్ల దగ్గరికెళ్ళింది. ఆంటీ ఇంకా వేళ్ళు మడుస్తోంది. అక్క నిలబడే చెప్పింది. బెల్ట్ పాతది, తేదీ నేను చూసుకోలేదు, మీ డ్రమ్ములకీ దీనికీ సంబంధం లేదు, ఇందాక నేనన్నది అబద్ధం అని. పక్క షెడ్డులో ఇద్దరు టీ తాగుతూ వింటున్నారు. అక్కకి చెవులు కాలిపోయినయ్ కానీ గొంతు తగ్గించలేదు.

ఆంటీ బెల్ట్ తీసుకుని అటూ ఇటూ వంచి చూసింది. అంటే నా డ్రమ్ముల తప్పేం లేదుగా అని మళ్ళీ అడిగింది. లేదాంటీ అంది అక్క. ఆంటీ పమిట కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఇందాకట్నుంచి నన్ను నేనే తిట్టుకుంటన్నా గదమ్మా. ఇంకో నాలుగు రోజులు పోతే నిజంగానే నా తప్పే అనుకునేదాన్ని." కాస్త తెరిపిన పడ్డాక, రేపు ఆరు డ్రమ్ములూ నువ్వే వచ్చి ఎక్కియ్యి, అప్పుడు తెలుస్తది నీకు లోడ్ అంటే ఏందో అని ఒక పోటు పొడిచింది. టీ తాగేవాళ్ళు నవ్వారు. అక్క కూడా నవ్వబోయింది కానీ రాలేదు.

లోపలికొచ్చి చూస్తే నాగేంద్రమ్మ కారు బానెట్ మీద కొత్త బెల్ట్ పెట్టి ఉంది. గోడకి మేకు ఒక్కటే మిగిలింది. మేస్త్రి స్పానర్లు వరసగా సర్ది పక్కన నిలబడ్డాడు. అక్క ఈసారి నేర్చుకుంది కదా, బెల్ట్ ఎత్తి వెనక అంకెలు వెతికి, వెలుతురుకి పట్టుకుని రెండుసార్లు చదివింది.

"డేటు బాగుంది మేస్త్రీ. ఇంకా చాలా టైముంది."

మేస్త్రి ఖాళీ మేకుని ఒకసారి తడిమి, స్పానర్ అందించాడు.

"దానికైతే ఉందిలే అమ్మాయ్."