మక్కికి మక్కి

ఏటిగడ్డ అని ఒకానొక రాజ్యం ఉండేది. దాన్ని ఏలే మల్లభూపతికి ఎడమకాలు కుంటి. ముందుపన్ను ఊడిపోయింది కనుక నోరు తెరిస్తే మాటతోపాటు ఈల కూడా వచ్చేది. కొలువులో ఎవరైనా గోడు చెప్పుకోవడం మొదలెడితే చాలు, కళ్లు మూతలు పడేవి. ఈ సంగతులు రాజ్యమంతటికీ తెలుసు, ఒక్క రాజుకు తప్ప. ఆయనకు చెప్పి తల పోగొట్టుకునేదెవరు?

అంతటి మహానుభావుడు ఒక కావ్యం రాశాడు. దానికి నకళ్లు తీసే పని ఔబళయ్య అనే లేఖకుడికి అప్పగించి, "మక్కికి మక్కి దించాలి, తెలిసిందా?" అన్నాడు.

మక్కికి మక్కి అంటే తెలియనిదేముంది? మూలంలో ఏముంటే అదే, తప్పో ఒప్పో చూడకుండా దించెయ్యడం. పక్కవాడి పలక చూసి లెక్కతోపాటు వాడి పేరు కూడా ఎక్కించుకునే పిల్లవాణ్ణి ఇప్పటికీ ఆ మాటే అంటాం.

ఔబళయ్య అలా దించలేకపోయాడు. రాజు తన కావ్యంలో మండువేసవిలో చామంతులు పూయించాడు. ఔబళయ్య చెయ్యి ఊరుకోలేదు. చలికాలంలో పూసే చామంతుల్ని తీసేసి, ఛందస్సు చెడకుండా మల్లెల్ని పెట్టాడు.

"నా కవిత్వాన్నే దిద్దుతావా!" అని ఈలలతో సహా గర్జించాడు భూపతి. ఔబళయ్య చేతులు కట్టుకుని ఏదో చెప్పుకోబోయాడు. ఆ మాటలు సగంలో ఉండగానే రాజు ఓ కునుకు తీసి, ఉలిక్కిపడి లేచి, "వీడి బొటనవేలు నరకండి" అన్నాడు. నవరాత్రుల్లో నెత్తురు చిందకూడదన్న ఆచారం ఉండబట్టి, శిక్ష విజయదశమి మర్నాటికి వాయిదా పడింది. అందాకా ఔబళయ్యను చెరలో పెట్టారు.

ఔబళయ్య భార్య ముద్దమ్మ ఏడుస్తూ కొమరప్ప ఇంటికి వచ్చింది. కొమరప్ప ఒకప్పుడు ఊరూరా తిరిగి పగటివేషాలు కట్టినవాడు. ఇప్పుడు రాజుగారి కొలువులో విదూషకుడు, ఔబళయ్యకు ప్రాణమిత్రుడు.

"అన్నయ్యా, ఆ వేలు పోతే ఆయన ఘంటం పట్టేదెలా? మా ఇంట్లో పొయ్యి వెలిగేదెలా? నీ మాటకు రాజు నవ్వుతాడటగా. ఎలాగో నవ్వించి ఆయన్ను విడిపించు."

"చూద్దాంలే అమ్మా" అన్నాడు కొమరప్ప. అన్నాడే గాని, ఏం చూడాలో తెలియలేదు. రాజు ఎదుటికి వెళ్లి నోరు తెరిస్తే చమత్కారానికి బదులు ఏడుపు ముంచుకొచ్చేది. ఊరంతా బాజాలూ భజనలూ. అతనికి మాత్రం అన్నం సహించడం లేదు. ఇన్నేళ్లూ తిండి పెట్టిన నోరే ఇప్పుడు ఎందుకూ కొరగాకుండా పోయిందని కుమిలిపోయాడు.

విజయదశమి రానే వచ్చింది. ఆ రోజు నిండుకొలువులో, రాజు ఎదుటే రాజు వేషం కట్టడం అక్కడి ఆనవాయితీ. ఏటా కట్టేది కొమరప్పే. ముఖానికి అర్దళం రంగు పూసుకుంటూ ఉంటే అతనికి తన పని మీదే అసహ్యం వేసింది. తను చేసేదీ నకలే కదా! ఔబళయ్య ఒక్క పూవు మార్చాడు. తను ఏటా ఎన్ని మార్చలేదు? 'పోతే తల పోతుంది, పోనీ' అనుకుని కిరీటం పెట్టుకున్నాడు.

ఆ ఏడు కొమరప్ప కుంటుకుంటూ వచ్చి సింహాసనం ఎక్కాడు. ఈల వేస్తూ మాట్లాడాడు. "ప్రభూ, నా మనవి..." అని తానే లేఖకుడి గొంతుతో దీనంగా మొదలెట్టి, అంతలోనే రాజై గుర్రుపెట్టాడు. ఉలిక్కిపడి లేచి, "వేలు నరకండి!" అన్నాడు.



"ఒరేయ్! నేనిలా ఉంటానట్రా?" అని లేచాడు మల్లభూపతి.

కొమరప్ప కిరీటం తీసి నేలమీద పెట్టాడు.

"ఏలినవారి ఆజ్ఞ ప్రకారం మక్కికి మక్కి దించాను. ఇన్నేళ్లూ కుంటు తీసేసి, ఈల తీసేసి, కునుకు తీసేసి ఆడాను. తమరు మెచ్చి శాలువాలు కప్పారు. దిద్దినందుకే వేలు తీయాలంటే ముందు నాది తీయించండి. దిద్దనందుకు కోపమొస్తే, ఔబళయ్య చేసిన తప్పేమిటో సెలవివ్వండి."

రాజు చుట్టూ చూశాడు. కాదని ఒక్కరూ అనలేదు. అందరూ తలలు దించుకున్నారు. చివరికి ఆయనకే నవ్వొచ్చింది. పెద్ద ఈలతో పకపకా నవ్వాడు. సభంతా నవ్వింది. "ఔబళయ్యను వదిలెయ్యండి" అని, తన చేతి కడియం తీసి కొమరప్పకు తొడిగాడు.

మర్నాడు కొమరప్ప సంబరంగా మిత్రుడి ఇంటికి వెళ్లాడు. ఔబళయ్య ముందు ఏదో వైద్యగ్రంథం ఉంది. తలెత్తకుండా దానికి నకలు తీస్తున్నాడు.

"ఈ మందులో విషం మోతాదు ఎక్కువ పడింది. ఎవరో తప్పు రాశారు" అన్నాడు నెమ్మదిగా. "ఇది మింగినవాడు బతకడు."

"మరి దిద్దవేం?"

ఔబళయ్య తన బొటనవేలి వంక చూసుకున్నాడు.

"మక్కికి మక్కి, కొమరప్పా" అన్నాడు.

తాటాకు మీద ఘంటం గరగరమంటూ ఆ తప్పును దాటి తరువాతి వరుసకు వెళ్లిపోయింది.