తుప్పుకి విందు పెట్టిన ఇల్లు

సముద్రం ఒడ్డున గంగరేవు అనే ఊళ్ళో గవర్రాజు ఇంటివాళ్ళంత తెలివైనవాళ్ళు ఇంకెవరూ లేరు. ఈ మాట ఊళ్ళోవాళ్ళు అనలేదు. గవర్రాజే అన్నాడు. తమ్ముడు అప్పలకొండ "అవును" అన్నాడు. గవర్రాజు పెళ్ళాం సూరీడమ్మ "ముగ్గురం ఒకే మాట మీదున్నాం, ఇంక అబద్ధమెలా అవుతుంది?" అంది. అంతే, అది ఖాయమైపోయింది.

"ఎవరేం చెప్పినా మనం చెప్పింది చెప్పినట్టు చేస్తాం. ఊళ్ళోవాళ్ళు ఒకటి విని ఇంకోటి చేస్తారు. తేడా అక్కడుంది," అనేవాడు గవర్రాజు మీసం దువ్వుకుంటూ.

వాళ్ళకో పాత కారుంది. కొబ్బరికాయల వ్యాపారి ఒకాయన వాడి వాడి, ఇక చాలురా బాబూ అని వదిలించుకున్న కారు. పైకి మాత్రం పెళ్ళికొడుకులా మెరిసేది. కూతురు రత్తాలు నెలలు నిండి పుట్టింట్లోనే ఉంది. అల్లుడు పెద్ద పడవెక్కి వేటకి పోయాడు. ఆసుపత్రి పట్నంలో ఉంది. అయినా గవర్రాజుకి బెంగ లేదు. నొప్పులు రాగానే పిల్లని కారెక్కించెయ్యడమే కదా అని ధీమా.

ఒకరోజు సూరీడమ్మ వెనక సీట్లో కూర్చుని వెళ్తుంటే కాలి చెప్పు మాయమైంది. వంగి చూస్తే కాళ్ళకింద పెద్ద చిల్లు. చిల్లులోంచి రోడ్డు గబగబా పరిగెత్తుతోంది.

"ఏవయ్యోయ్, మన కార్లోంచి రోడ్డు కనిపిస్తోంది! పట్నం కార్లకి కూడా ఇంత సౌకర్యం ఉండదు," అని మురిసిపోయింది.

గవర్రాజు మాత్రం పోయిన చెప్పు గురించి ఆలోచించి, మెకానిక్ కాసింని పిలిపించాడు. కాసిం కారు కిందకి దూరి, తలనిండా ఎర్రటి పొడితో బయటికొచ్చాడు.

"కిందంతా తుప్పు పట్టింది, గవర్రాజూ. ఈ ఉప్పుగాలి ఊరికే వదుల్తుందా? తుప్పు కారుని తినేస్తోంది. ఇలాగే వదిలేస్తే ఓ రోజు మీరు రోడ్డు మీదుంటారు, కారు ముందుకెళ్ళిపోతుంది. నేను పట్నంనుంచి కొత్త రేకు తెస్తాను. ఈలోగా అడుగు చూస్తూ ఉండండి," అని వెళ్ళిపోయాడు.

"విన్నారా? అడుగు, చూస్తూ ఉండు అన్నాడు," అన్నాడు గవర్రాజు.

అంతే, అప్పలకొండ కారు ముందు మోకాళ్ళ మీద కూలబడ్డాడు. "కారూ, కారూ, ఒంట్లో ఎలా ఉంది?" అని అడిగాడు. అడిగి, చూస్తూ ఉన్నాడు. కాసేపటికి ఇంజను కిందనుంచి ఓ నల్లటి ఆయిలు చుక్క టప్పున రాలింది.

"అన్నియ్యా, ఏడుస్తోంది!"

"ఏడవదూ మరి? బతికుండగానే తినేస్తుంటే నువ్వు నవ్వుతావా?" అంది సూరీడమ్మ, తనూ కళ్ళొత్తుకుంటూ. "నన్నడిగితే తప్పు తుప్పుది కాదు. దానికి ఆకలేస్తోంది, ఎవరూ పెట్టట్లేదు, దొరికింది తింటోంది. కడుపునిండా మనమే పెడితే కారు జోలికెందుకు పోతుంది?"

అన్నదమ్ములిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంత చిన్న విషయం కాసింకి తట్టలేదే అని జాలిపడ్డారు.

ఇంకేముంది! గంగాళం నిండా పులిహోర కలిపారు. ఉప్పు చేపలు వేయించారు. నిమ్మకాయ ఊరగాయ జాడీ బోర్లించారు. తుప్పుకి రుచి తెలియాలని ఉప్పూ పులుపూ దండిగా దట్టించారు. అప్పలకొండ కారు కింద పడుకుని, పిల్లలకి గోరుముద్దలు పెట్టినట్టు, "ఇంకొక్క ముద్ద, ఇదొక్కటే," అంటూ అడుగంతా మెత్తాడు.

మర్నాడు చూస్తే తుప్పు ఎర్రగా ఉబ్బి, పెచ్చులు పెచ్చులుగా లేచింది.

"బుగ్గలు చూడండి, ఎంత ఎర్రబడ్డాయో! ఒళ్ళు చేసింది," అంది సూరీడమ్మ.

ఈలోగా చేపల వాసనకి ఊరి కుక్కలన్నీ కారు కింద చేరాయి. పెనుగులాటలో సైలెన్సర్ ఊడొచ్చింది. ఓ గోధుమరంగు కుక్క దాన్ని నోట కరుచుకుని పారిపోయింది.

"పోనీలేరా, ఆపకు. తుప్పు తరఫు చుట్టాలు కాబోలు. వట్టి చేతుల్తో పంపితే బాగుండదు," అన్నాడు గవర్రాజు.

కాసిం వచ్చి చూసి నెత్తి బాదుకున్నాడు. "ఉప్పుగాలే వద్దు మొర్రో అంటుంటే ఉప్పు తినిపిస్తారా? రేకు సాయంత్రానికి తెచ్చేస్తాను. నేనొచ్చేలోగా మీరు రెండు పనులు చెయ్యండి చాలు. ఎర్రగా కనిపించిందల్లా గీకి పారెయ్యండి. ఉప్పుగాలి కారు దగ్గరికి రానివ్వకండి."

గరిటె ఒకరు, చిత్రిక ఒకరు పట్టుకుని దిగారు. కింద గీకారు. వెనక్కొస్తే బ్రేకు లైట్లు ఎర్రగా కనిపించాయి. గీకితే రాలేదు, సుత్తితో కొట్టి పారేశారు. సీటు కవర్లు ఎర్రవి, వాటినీ గీకారు. పక్కన దండెం మీద సూరీడమ్మ ఎర్రచీర ఆరేసి ఉంది. అప్పలకొండ దాన్ని బండమీద పరిచి, పీలికలయ్యేదాకా గీకాడు.

"ఒరే, నా కొత్త చీర!"

"కనిపించిందల్లా అన్నాడు వదినా. ఇది నాకు కనిపించింది."

సూరీడమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. "అదీ నిజమే. అయితే ఆ ఎండుమిరపకాయల్ని ఎందుకు వదిలేశావు? నీకు కళ్ళు కనిపించవా?"

అప్పలకొండ వాటినీ గీకాడు. ఆ తర్వాత నిజంగానే వాడికి కళ్ళు కనిపించలేదు. ముగ్గురూ తుమ్మీ తుమ్మీ కూలబడ్డారు. ముక్కు తుడుచుకుంటుంటే అప్పలకొండకి గొప్ప ఆలోచన వచ్చింది.

"అన్నియ్యా, టైర్లలో గాలి ఎక్కడ కొట్టించాం?"

"రేవు దగ్గర కొట్లో."

"అంటే సముద్రం గాలి! ఉప్పుగాలిని దగ్గరికి రానివ్వొద్దంటే మనం నాలుగు టైర్లనిండా దాచుకుని కూర్చున్నాం!"

ఒక టైరు మూత తీసి నాలిక ఆనించాడు. చెమటతో తడిసిన మూతి, ఉప్పగానే తగిలింది. అంతే, నాలుగు టైర్లూ బుస్సుమన్నాయి. కారు నేలకి కరుచుకుంది.

సరిగ్గా అప్పుడే లోపల్నించి రత్తాలు కేక పెట్టింది. "నాన్నా! నొప్పులు!"

గవర్రాజు పరిగెత్తి కూతుర్ని ఎత్తుకొచ్చి కార్లో కూర్చోబెట్టాడు. తాళం తిప్పాడు. సైలెన్సర్ లేని ఇంజను ఊరంతా అదిరేలా అరిచింది గానీ కారు అంగుళం కదల్లేదు. రత్తాలు పళ్ళబిగువున సీటు పట్టుకుంది. గవర్రాజు మళ్ళీ తిప్పాడు, మళ్ళీ తిప్పాడు. దేవుడి దయవల్ల కాసిం ట్రాలీ ఆటోలో రేకు వేసుకుని వచ్చాడు. మారుమాట్లాడకుండా రేకు దించేసి, రత్తాలునీ సూరీడమ్మనీ ఎక్కించుకుని పట్నంవైపు పరిగెత్తించాడు.

గవర్రాజు ఆ పడుకున్న కారు పక్కన కూర్చుని, తువ్వాలు మొహానికడ్డం పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "కారుండి కూడా కూతురికి అక్కరకు రాలేదురా," అన్నాడు. అప్పలకొండా పక్కన చేరి ఏడ్చాడు. ఆసుపత్రి గుమ్మం దాటీ దాటగానే రత్తాలు ఆడపిల్లని కన్నదనీ, తల్లీ పిల్లా క్షేమమనీ కబురొచ్చాకగానీ ఇద్దరూ మంచినీళ్ళు ముట్టలేదు.

కాసిం తిరిగొచ్చి, ఈసారి వాళ్ళకి ఏ పనీ చెప్పకుండా, తనే పాత రేకు కోసి కొత్తది అతికి, రంగేసి, సైలెన్సర్ బిగించి, లైట్లు పెట్టి, గాలి కొట్టించి అప్పగించాడు. వెళ్తూ వెళ్తూ నోరూరుకోక ఒక్క మాటన్నాడు.

"ఇక భయం లేదు. అడుగున తడి మాత్రం నిలవనివ్వకండి. నీళ్ళు కారిపోవడానికి చిన్న చిల్లులు పెట్టాను. పూడిపోతే పుల్లతో పొడవండి."

అన్నదమ్ములు వెంటనే కిందకి దూరారు. అప్పలకొండ ఒక్కోచోట వేలితో కొట్టి చూశాడు. ఒకచోట గుడగుడమంది.

"అన్నియ్యా, ఈ డబ్బాలో బోలెడు తడి నిలిచిపోయింది! దీనికి కాసిం చిల్లే పెట్టలేదు!"

"పాపం, మర్చిపోయుంటాడు," అని గవర్రాజు మేకూ సుత్తీ అందించాడు. ఇంకేముంది, పెట్రోలంతా ఇసుకపాలు. ఇంజను కిందా ఒక పొడుపు పొడిచారు, ఆయిలూ పోయింది. ఆఖరి చుక్క రాలేదాకా ఆగి, పొడిగుడ్డతో తుడిచారు.

అప్పుడే సూరీడమ్మ ఆసుపత్రినుంచి బస్సు దిగి హడావిడిగా వచ్చింది. "ఇవాళ ఇంటికి పంపించేస్తున్నారయ్యా! నేను పత్యం వండాలి. మీరిద్దరూ కారు తీసుకెళ్ళి తీసుకురండి."

తాళం తిప్పితే కారు కిక్కురుమనలేదు.

"కొత్త అడుగు కదా, సిగ్గుపడుతోంది," అన్నాడు అప్పలకొండ.

ఇద్దరూ తోసుకుంటూ బయల్దేరారు. ఎండలో, ఇసుకలో, ఆ పొడుగాటి వంతెన మీద తోసి తోసి, నాలికలు బయటపెట్టుకుని ఆసుపత్రి గేటు దగ్గరికి చేర్చారు.

"తీసుకెళ్ళడం అయింది. ఇక తీసుకురావడం," అని గవర్రాజు కారుని వెనక్కి తిప్పించాడు.

వరండాలో పాపనెత్తుకుని నిలబడ్డ రత్తాలు "నాన్నా! నాన్నా!" అని పిలిచింది.

"ఇప్పుడు కాదమ్మా, చేతినిండా పనుంది!" అని చెయ్యూపి తోసుకుంటూ పోయాడు.

ఇంటి ముందు కారు ఆగగానే సూరీడమ్మ హారతిపళ్ళెంతో వచ్చి, కిటికీలోకి తొంగి చూసింది. "తల్లీ పిల్లా ఏరీ?"

"వాళ్ళ ఊసు నువ్వెత్తలేదే! కారు తీసుకెళ్ళి తీసుకురమ్మన్నావు. తీసుకెళ్ళాం, తీసుకొచ్చాం."

సూరీడమ్మ నాలిక్కరుచుకుంది. "తప్పు నాదే. ఈసారి సరిగ్గా చెబుతున్నా, వినండి. రత్తాలునీ పాపనీ కార్లో తీసుకెళ్ళి తీసుకురండి."

గవర్రాజు లేవబోయి ఆగిపోయాడు. "తీసుకెళ్దామంటే వాళ్ళిక్కడ లేరు కదే!"

పెద్ద చిక్కే వచ్చిపడింది. ముగ్గురూ అరుగు మీద కూర్చుని తలలు పట్టుకున్నారు. వాళ్ళలా ఉండగానే ఓ ఆటో వచ్చి ఆగింది. రత్తాలు పాపతో దిగింది, మొహం గంటు పెట్టుకుని.

"వచ్చావా తల్లీ! సమయానికొచ్చావు. ఎక్కు, కారెక్కు!" అని గవర్రాజు తలుపు తీశాడు.

"ఎక్కడికి నాన్నా?"

"ఆసుపత్రికి. నిన్నక్కడికి తీసుకెళ్తేనే కదమ్మా, ఇంటికి తీసుకొచ్చేది!"

రత్తాలు కాసేపు ఆలోచించింది. ఎంతైనా ఆ ఇంటి పిల్ల. "అదీ నిజమేలే," అని పాపని ఒళ్ళో సర్దుకుని వెనక సీట్లో కూర్చుంది. అన్నదమ్ములు చొక్కాలు విప్పి భుజాలానించారు. కారు కదిలింది.

"పత్యం చల్లారిపోకముందే వచ్చెయ్యండి!" అని సూరీడమ్మ వీధిలోకొచ్చి కేకేసింది.