వరాలమ్మ నుదుటి ముడతలు

అనగనగా ఒక అడవి. ఎండ నేలను తాకేలోగా ఆకుల్లోనే అలిసిపోయేంత దట్టమైన అడవి. పొద్దున్నే అక్కడ నిలబడితే, ఎక్కడున్నాయో కనిపించని వాగుల చప్పుడు నాలుగు వైపుల నుంచీ వినిపించేది. ఆ అడవిలో ఒక ఏనుగుల మంద ఉండేది. ఆ మందకు పెద్ద వరాలమ్మ.

వరాలమ్మ వయసులోనూ పెద్దదే, ఆకారంలోనూ పెద్దదే. ఆవిడ నడిచి వస్తుంటే కొమ్మల మీద పిట్టలు కూడా అరుపు ఆపి చూసేవి. ఏ వేసవిలో ఏ మడుగు ఎండిపోతుందో, ఏ కొండ వెనక ముందుగా పచ్చిక మొలుస్తుందో ఆవిడకు తెలుసు. అంత తెలిసినా గట్టిగా ఒక్క అరుపు అరిచేది కాదు. ఆవిడ నుదురు ముడుచుకుంటే మంద ఆగేది. కళ్ల పక్కన గీతలు విచ్చుకుంటే మంద కదిలేది. పిల్ల ఏనుగులు సరిగా నడవడం రాకముందే ఆ మొహం చూసి నడుచుకోవడం నేర్చుకునేవి.

తన మొహంలో అంత మాట ఉందని వరాలమ్మకే తెలీదు. ఎవరి మొహం వాళ్లకు కనిపించదు కదా, పిల్లలూ.

వేసవి మొదట్లో ఏనుగుల మందలన్నీ ఉప్పుమట్టి తినడానికి ఒక కొండ కింద చేరేవి. ఆ ఏడూ చేరాయి. వరాలమ్మ తన చిన్ననాటి స్నేహితురాలు రత్నాలు కోసం అటూ ఇటూ చూసింది. ఎక్కడా కనిపించలేదు. పక్కన నిలబడ్డ ఏనుగును, "అమ్మాయీ, రత్నాలు రాలేదా?" అని అడిగింది.

ఆ ఏనుగు నవ్వింది. గొంతులో నవ్వింది గానీ మొహంలో ఏమీ కదల్లేదు. "నేనే వరాలూ," అంది.

వరాలమ్మ దగ్గరికి జరిగి పరీక్షగా చూసింది. రత్నాలు నుదురు వాగులో రాయిలా నున్నగా మెరుస్తోంది. ఇద్దరూ ఒకే ఏడు పుట్టినవాళ్లు. ఇప్పుడు పక్కపక్కన నిలబడితే తల్లీ కూతుళ్లలా ఉన్నారు. అదెలాగని అడిగితే, నల్లమద్ది చెట్టు తొర్రలో సింగారి అని ఒక కందిరీగ ఉందనీ, దాని ముల్లులో ఏదో మహిమ ఉందనీ, ఎక్కడ కుడితే అక్కడ ముడత మాయమవుతుందనీ రత్నాలు చెప్పింది. నొప్పి చీమ కుట్టినంతే అంది.

ఆ సాయంత్రం వరాలమ్మ మడుగు దగ్గరికి వెళ్లింది. రోజూ నీళ్లు తాగి వచ్చేసేది. ఆ రోజు తాగకుండా నీళ్లలోకి చూస్తూ నిలబడింది. నుదురంతా ఎండిన బురదలా నెర్రెలు విచ్చినట్టు కనిపించింది. గీత పక్కన గీత. ఇవన్నీ ఎప్పుడు వచ్చాయా అనుకుంది. నీళ్లు తాగకుండానే వెనక్కి తిరిగింది.

మర్నాడు వరాలమ్మ సింగారి తొర్ర ముందు నిలబడింది.

సింగారి సన్నని నడుముతో, పసుపు చారలతో, సూదిమొనలా మెరుస్తూ బయటికి వచ్చింది. చాలా మర్యాదగా మాట్లాడింది. ముందుగా నుదుటి మీద కుట్టాలంది. ఆ ముల్లు పని కొంతకాలమే ఉంటుందనీ, ఆ తరవాత ముడతలు తిరిగి వస్తాయనీ, అప్పుడు మళ్లీ కుట్టించుకోవాలనీ దాచకుండా చెప్పింది. నుదురు నున్నబడ్డాక కళ్ల పక్కన కూడా కుట్టమని చాలామంది అడుగుతారని కూడా చెప్పింది. వరాలమ్మ ఇవన్నీ విన్నది గానీ ఆవిడ మనసు ముడత మాయమవుతుందన్న ఒక్క మాట మీదే ఉంది.

"నీకు ఏమివ్వాలి?" అని అడిగింది.

"ఇప్పపూలు అమ్మగారూ. ఒక కొమ్మ నిండా."

"అంతేనా?"

"నాకు ఇవ్వాల్సింది అంతే," అంది సింగారి.

ఇప్పచెట్లు పూలతో కిందికి వంగిపోయి ఉన్న రోజులవి. ఏనుగుకు ఒక కొమ్మ ఎంత? వరాలమ్మ ఆ కొమ్మ విరిచి తెచ్చి తొర్ర ముందు పెట్టింది. నుదురు ముందుకు చాచి, కళ్లు మూసుకుంది.

కొద్ది రోజులు గడిచేసరికి అడవి అంతా ఆవిడను చూడటానికే వచ్చింది. జింకలు మేత మానేసి చూశాయి. కోతులు కొమ్మల మీద వరసగా కూర్చుని, ఒకదాని భుజం మీద నుంచి ఒకటి తొంగి చూశాయి. ఒక ముసలి నెమలి దారిలో ఆగిపోయి, ఇన్నేళ్లలో ఇలాంటి వింత చూడలేదంది. వానకు కడిగిన నల్లబండలా వెలిగిపోతోంది ఆ నుదురు. వరాలమ్మ ఇప్పుడు రోజూ మడుగు దగ్గర ఎక్కువసేపు నిలబడుతోంది. ఆవిడకు నిజంగానే సంతోషంగా ఉంది. ఆ మాట కాదనకూడదు. కళ్ల పక్కన కూడా కుట్టించుకుంది.

ఆ తరవాత వేసవి ముదిరింది. వరాలమ్మ ఎప్పట్లాగే నీళ్లు నెత్తిన పోసుకుంది. నీళ్లు నుదుటి మీద నిలవకుండా జారిపోయాయి. బురద పూసుకుంటే అదీ పెచ్చులుగా రాలిపోయింది. ఇదివరకు పొద్దున చేసిన స్నానం తాలూకు తడి మధ్యాహ్నం దాకా ఆ ముడతల్లోనే దాగి ఉండేది, తలను చల్లగా ఉంచేది. ఆ సంగతి ఆవిడకు ఇప్పుడే తెలిసింది. మిట్టమధ్యాహ్నం తల కాలిపోతుంటే నీడ వదిలి కదలలేకపోయేది.

వరాలమ్మకు మొగలి అని ఒక మనవరాలు ఉంది. పిల్ల ఏనుగు. పగలంతా చూసిన వింతలన్నీ సాయంత్రం అమ్మమ్మకు చెబితే గానీ దానికి తోచదు. ఒక రోజు, ఉడుత తన తోక తానే తరుముకున్న కథ చెప్పింది. వరాలమ్మకు లోపల నవ్వు పొంగింది. మొహం మాత్రం రాయిలా ఉంది. మొగలి చెప్పడం ఆపి, తనమీద కోపమా అని అడిగింది. కోపం లేదంది వరాలమ్మ. ఆ మాట నోరు చెప్పింది, మొహం చెప్పలేదు. మొగలి నమ్మలేకపోయింది. మెల్లగా దాని కథలు తగ్గిపోయాయి. సాయంత్రాలు తల్లి పక్కనే నిలబడిపోయేది.

వేసవి చివరికి వచ్చేసరికి నుదుటి మీద సన్నగా ఒక గీత మళ్లీ కనిపించింది. వరాలమ్మ సింగారి దగ్గరికి పరుగున వెళ్లింది. అప్పటికి ఇప్పపూలు అయిపోయాయి. ఈసారి కడిమిపూలు కావాలంది సింగారి. కడిమి చెట్లు ఉన్నది తూర్పు లోయలో. అవి పూయడానికి ఇంకా సమయం ఉంది.

పిల్లలూ, ఆ మంద ఏటా వానలకు ముందే ఏరు దాటి అవతలి గడ్డికొండలకు వెళ్లేది. ఏరు సన్నగా ఉన్నప్పుడే దాటాలి. ఆ ఏడు వరాలమ్మ మందను నీడలో ఆగమని చెప్పి, తూర్పు లోయకు వెళ్లి కూర్చుంది. మొగ్గలు ఎప్పుడు విచ్చుకుంటాయా అని చెట్ల వంక చూస్తూ ఉంది. మంద ఆకలితో ఎదురు చూసింది. ఆవిడ పూలు తెచ్చి, నుదుటి మీదా కళ్ల పక్కనా మళ్లీ కుట్టించుకుని, మందను నడిపించుకుంటూ ఏటి ఒడ్డుకు చేరేసరికి పడమట కొండల మీద మబ్బులు కాటుకలా కమ్ముకున్నాయి.

ఏరు ఇంకా సన్నగానే ఉంది. నీళ్లు మోకాలు లోతు. మంద ఒడ్డున వరసగా నిలబడింది. అందరికంటే ముందు మొగలి ఉంది.

అప్పుడు వరాలమ్మ అరికాళ్లకు నేల వణుకు తెలిసింది. చెవికి ఇంకా ఏ చప్పుడూ అందలేదు. కానీ నేల లోపల, ఎంతో దూరం నుంచి, ఏదో మహా బరువైనది దొర్లుకుంటూ వస్తోంది. పై కొండల్లో కురిసిన వాన ఒక్కసారిగా కిందికి వస్తోంది. వరాలమ్మకు అది ఏమిటో అర్థమైంది. ఆవిడ ప్రాణమంతా నుదుటి దగ్గరికి వచ్చింది. నుదురు ముడుచుకోవాలి. ముడుచుకోలేదు. కళ్ల పక్కన ఒక్క గీత కూడా కదల్లేదు.

మొగలి ఎప్పట్లాగే వెనక్కి తిరిగి అమ్మమ్మ మొహం చూసింది. ఆ మొహం ప్రశాంతంగా ఉంది. మొగలి నీళ్లలో దిగింది.

వరాలమ్మ ఘీంకరించింది. అప్పటికి మొగలి ఏటి నడుమన ఉంది. అదే క్షణంలో ఏటి మలుపు దగ్గర నీళ్లు కనిపించాయి. అవి నీళ్లలా లేవు. ఎర్రటి గోడ ఒకటి లేచి నడిచి వస్తున్నట్టు ఉంది. వేళ్లతో సహా పెకలించిన మానులు దాని మీద గడ్డిపోచల్లా ఆడుతున్నాయి. ఆ హోరులో ఘీంకారం ఎవరికీ వినిపించలేదు. ఒడ్డున ఏనుగులు, అంతంత పెద్ద ఏనుగులు, ఆ నీళ్లను చూస్తూ కొయ్యబారిపోయాయి.

వరాలమ్మ ఆలోచించలేదు. ఏట్లోకి దూకి, మొగలికి ఎగువన అడ్డంగా నిలబడి, నాలుగు కాళ్లూ ఇసుకలో దిగేసింది. వరద వచ్చి ఆవిడను కొట్టింది. ఒక దుంగ పక్కటెముకలకు తగిలింది. ఆవిడ కదల్లేదు. తొండం చాచి మొగలిని తన పొట్టకు అదిమి పట్టుకుంది. అంత ఏరూ ఆవిడకు అటూ ఇటూ చీలి పారింది. అప్పటికి మంద తేరుకుని, ఒకరి తోక ఒకరు పట్టుకుని దిగింది. అందరూ కలిసి ఇద్దరినీ ఒడ్డుకు లాగారు.

మొగలి వణుకుతూ నీళ్లు కక్కింది.

"నీ మొహం చూశాకే దిగాను అమ్మమ్మా," అంది. "ఏమీ లేదనుకున్నాను."

వరాలమ్మ మొగలిని దగ్గరికి తీసుకుంది. ఆవిడ ఏడ్చింది. ఏడుస్తోందని కూడా మొగలికి తెలియలేదు. నీళ్లు జారుతున్నాయి, మొహం ప్రశాంతంగానే ఉంది.

వరద తగ్గాక మంద ఏరు దాటింది. గడ్డికొండలు చేరాక ఒకనాడు సింగారి అక్కడికి ఎగిరి వచ్చింది. మళ్లీ కుట్టే వేళ దగ్గర పడుతోందనీ, ఇక్కడ దొరికే పూలయినా ఫరవాలేదనీ అంది. వరాలమ్మ ఇక వద్దంది. తన పనిలో ఏమైనా లోపం జరిగిందా అని సింగారి నొచ్చుకుంది. ముందే అన్నీ చెప్పాను కదా అంది.

"నువ్వు అబద్ధం చెప్పలేదమ్మా," అంది వరాలమ్మ. "నీకు ఏమివ్వాలని అడిగాను. నా నుంచి ఏం పోతుందని అడగలేదు. అది అడగాల్సింది నేనే."

సింగారి కాసేపు గాలిలోనే నిలబడి, వచ్చిన దారినే వెళ్లిపోయింది.

వానలు పడుతూనే ఉన్నాయి. ముడతలు ఒక్కొక్కటే తిరిగి వచ్చాయి. ఒక రోజు వాన వెలిసి, మబ్బుల సందు నుంచి ఎండ పడింది. వరాలమ్మ కొండ అంచున నిలబడి ఉంది. నుదుటి ముడతలన్నింటిలోనూ వాన నీళ్లు నిలిచి, సన్నని వాగుల్లా మెరుస్తున్నాయి. కొండ మీద నుంచి చూస్తే కింద అడవిలో వాగులు ఎలా కనిపిస్తాయో అలా ఉన్నాయి. మంద అంతా మేత ఆపి చూసింది. ఒక చిన్న సీతాకోకచిలుక వచ్చి ఆ గీతల్లో వాలి నీళ్లు తాగింది.

మొగలి మెల్లగా దగ్గరికి వచ్చి, తొండం చివరతో ఒక గీతను తాకింది. ఇది ఎప్పటిదని అడిగింది. అడవి తగలబడిన ఏడు వచ్చిందని వరాలమ్మ చెప్పింది. ఆ పక్కది, మీ అమ్మ పుట్టడానికి కష్టపడ్డ రోజుదంది. ఆ కింద కళ్ల పక్కన ఉన్నవన్నీ నవ్వి నవ్వి వచ్చినవేనంది. అలా ఒక్కొక్కటీ అడుగుతూ మొగలి కనుబొమల నడుమకు వచ్చింది. అక్కడ ఇదివరకెన్నడూ లేని కొత్త గీత ఒకటి, అన్నిటికంటే లోతుగా ఉంది.

"మరి ఇది, అమ్మమ్మా?"

"ఇది నువ్వు ఏట్లో దిగినప్పుడు రావాల్సింది," అంది వరాలమ్మ.

మొగలి ఆ గీత మీద తొండం ఆనించి, చాలాసేపు అలాగే నిలబడిపోయింది.

నీతి: ఏదైనా కొనేముందు ఎంత ఇవ్వాలో అడిగితే చాలదు, దానివల్ల మన దగ్గర ఏం పోతుందో కూడా తెలుసుకోవాలి.