అంబారీ మీద రెండు అబద్ధాలు

నాగవరం రాజు ఉదయభూపతికి ఆ పూట సుప్రభాతానికి బదులు తిట్లు వినబడ్డాయి.

కోటగుమ్మం ముందు నేతపని చేసే ఎర్రమ్మ రెండు చేతులూ ఎత్తి శాపనార్థాలు పెడుతోంది. "మా అద్దెలు మింగిన దొరకి అరక్కుండా పోను!" అంటోంది. పన్ను కట్టలేదని భటులు ఆమె మగ్గం ఊడబెరికి పట్టుకొచ్చారట. సాయంత్రం వేలం.

రాజుకు కోపం రాలేదు. వింతగా అనిపించింది. సభలో కూర్చోగానే అన్నాడు:

"నేను మింగానట! మింగినవాడికి రుచైనా తెలియాలి కదయ్యా? ఆ అద్దె ఎవరి కడుపులో ఉందో మధ్యాహ్న భోజనం లోపల తేల్చినవాడికి వెయ్యి వరహాలు."

సంగతేమిటంటే, ఎర్రమ్మలాంటి చిన్నాచితకా జనం తలా కాస్త సొమ్ము వేసుకుని, కూటమిగా చేరి, ఊళ్లో కొత్త అంగళ్ల వీధి కట్టించారు. ఆ అంగళ్ల మీద వచ్చే అద్దె అందరిదీ. ఇలాంటి కూటములకి రాజు ఒక వెసులుబాటు ఇచ్చాడు. అద్దెలో పదింట తొమ్మిది పాళ్లకు తగ్గకుండా వాటాదారులకు పంచితే, పంచిన సొమ్ము మీద కూటమికి పన్ను లేదు. ఎవరి వాటా చూపించుకుని వాళ్లే పన్ను కట్టుకోవాలి. పంచకుండా అట్టేపెట్టుకుంటే మాత్రం పన్ను కూటమి నెత్తినే పడుతుంది.

ఆ కూటమికి పెద్ద రంగపతి. మీసాలకు పునుగు రాసుకుని, వేలికో ఉంగరం పెట్టుకుని, 'వర్తక చూడామణి' అని తనకు తానే బిరుదు ఇచ్చుకున్న మనిషి. రాజు పిలిపించగానే వచ్చి ఛాతీ విరుచుకున్నాడు.

"దమ్మిడీ మిగల్చకుండా పంచేశాను ప్రభూ! తీరా పన్ను కట్టాల్సి వచ్చేసరికి ఈ జనం ఏడుపు మొదలెట్టారు. అలగా బుద్ధులు!"

కోశాధికారి తలూపాడు. "పంచానని వీరు మాకు చెప్పారు ప్రభూ. అందుకే కూటమిని వదిలేసి వాటాదారుల్ని పట్టుకున్నాం."

ఆస్థానంలో నోటి దురుసుకు పేరుపడ్డ తిప్పన ఇదంతా విని, చల్లగా లేచి గుమ్మం దగ్గరికి వెళ్లాడు.

"అక్కా, రంగపతి నీకేం చెప్పాడు?"

"ఏం చెబుతాడు బాబూ! అద్దెంతా పన్ను కింద రాజుగారే ఊడ్చుకుపోయారు, మీకు పెట్టడానికి చిల్లిగవ్వ లేదన్నాడు. ఇదిగో, ఇప్పుడు అందని వాటాకి పన్నంటూ మగ్గం లాక్కొచ్చారు. అది పోతే నేనూ పిల్లలూ ఏం తినాలి?"

తిప్పన సభలోకి తిరిగొచ్చాడు. ఎర్రమ్మ మాట చెబితే రంగపతి కాదంటాడు. గుమ్మం దగ్గరి మాటకు సాక్ష్యం ఎవరు? అందుకని చేతులు జోడించాడు.

"ప్రభూ, ఇంతటి దాతని నిలబెట్టి ప్రశ్నలడగడం పాపం. పట్టపుటేనుగు మీద ఊరేగించాలి!"

రంగపతి మీసం లేచి నిలబడింది. "నా స్థాయికి ఒక్క ఏనుగు తక్కువే. అయినా ప్రభువుల మాట కాదంటానా?"

తిప్పన కళ్లలో కొంటెతనం చూసి రాజు సరేనన్నాడు.

ఏనుగు కదిలింది. పైన అంబారీలో రంగపతి, ముందు డప్పుతో దండోరా వేసే సాయన్న, వెనక గుర్రం మీద రాజు, పక్కనే తిప్పన, కోశాధికారి. కొత్త అంగళ్ల వీధి మలుపు తిరగగానే తిప్పన సైగ చేశాడు. సాయన్న గొంతెత్తాడు.

"వినండహో! దమ్మిడీ దాచకుండా అద్దెంతా వాటాదారులకి పంచిన రంగపతిగారు వస్తున్నారహో!"

వీధి వీధంతా బయటికొచ్చింది. వాటాదారుల్లో ఒకడైన గానుగ గంగులు ఏనుగుకు అడ్డం నిలబడ్డాడు.

"ఎవరికి పంచావయ్యా? పన్నుకే సరిపోయిందన్నావు కదా!"

రంగపతి మొహం పాలిపోయింది. అంబారీలోంచి కిందికి వంగాడు. "ఒరే సాయన్నా, అది కాదురా! పన్ను కట్టానని చెప్పరా!"

డప్పు మోగింది.

"వినండహో! అద్దెంతా పన్ను కింద ఖజానాకి కట్టిన రంగపతిగారహో!"

కోశాధికారి ఉలిక్కిపడ్డాడు. "ఎక్కడ కట్టాడు? మా ఖజానాకి గవ్వ రాలేదే!"

"మెల్లిగా అరవరా దరిద్రుడా!"

"మెల్లిగా అరిస్తే దండోరా ఎలా అవుతుంది బాబయ్యా?"

"పంచాననే చెప్పు... వద్దొద్దు, కట్టానను... కాదు కాదు..."

తిప్పన ఏనుగు పక్కకొచ్చి, తల పైకెత్తి, మహా వినయంగా అన్నాడు:

"అయ్యా, తమరికి రెండు నాలుకలున్నాయి గానీ, పాపం సాయన్నకి ఒక్కటే. ఏదో ఒకటి తేల్చి చెప్పండి!"

వీధంతా ఘొల్లుమంది. రంగపతి దూకుదామని చూశాడు గానీ, ఏనుగు ఎత్తు చూసి ఆగిపోయాడు.

"అద్దె బయటికొచ్చేదాకా నువ్వు కిందికి రావు," అన్నాడు రాజు.

"చెబుతాను ప్రభూ! కొత్త మేడ కట్టాను... అద్దెంతా ఆ మేడకే అయిపోయింది!"

రాజు అక్కడికక్కడే తీర్పు చెప్పాడు. మేడ అమ్మి వాటాలు పంచాలి. పంచకుండా దాచినందుకు పడే పన్నూ, జరిమానా రంగపతి సొంత ఆస్తిలోంచి రావాలి. ఇకమీదట వాటా చేతికందిందని వాటాదారు నోట వినకుండా కోశాధికారి ఎవరి గడపా తొక్కకూడదు. భటులు మగ్గం మోసుకెళ్లి ఎర్రమ్మ ఇంట్లో మళ్లీ బిగించి వచ్చారు.

రాజు వెయ్యి వరహాల సంచీ తిప్పన చేతిలో పెట్టాడు. కోశాధికారికి అలవాటు పోతుందా! వెంటనే గొంతు సవరించుకున్నాడు.

"తిప్పనగారూ, ఇది కూడా ఆదాయమే. దీని మీద పన్ను..."

"నేనూ కూటమిలాంటివాణ్ణే స్వామీ! వచ్చింది వచ్చినట్టు ఇంటావిడ చేతిలో పోస్తాను. పన్ను ఆవిణ్ణి అడగండి. ధైర్యం ఉంటే!"

తిప్పన భార్య నోరు ఊరంతటికీ తెలుసు. కోశాధికారి రెండడుగులు వెనక్కి వేశాడు. రాజు గుర్రం మీంచి జారిపడేంతగా నవ్వి, తన మెడలోని హారం కూడా తీసి తిప్పన మెడలో వేశాడు.