ఏడు దీపాలు, ఒక మేకు

మౌలాలి మాస్టారి దగ్గర ఫోటోలు తీయడం నేర్చుకోవడానికి చేరి లోవరాజుకి నాలుగేళ్లయింది. నాలుగేళ్లలో ఒక్క మేకు కూడా పడలేదు. అతని దిగులంతా అదే.

మేకు సంగతి ముందు చెప్పాలి. రాజమండ్రిలో మాస్టారి స్టూడియోలోకి అడుగు పెట్టగానే ఎదురుగా సున్నం వేసిన పాతకాలపు గోడ ఉంటుంది. దానిమీద పంతొమ్మిది ఫోటోలు. పదమూడు మాస్టారు తీసినవి, ఆరు ఆయన శిష్యులు తీసినవి. శిష్యుడు తెచ్చిన ఫోటో నచ్చితే ఆయన బాగుందని అనరు, నచ్చకపోతే బాగాలేదనీ అనరు. నచ్చిన రోజున సొరుగులోంచి సుత్తి తీసి తన చేత్తో గోడకి మేకు కొడతారు, అంతే. ఆ మేకు పడ్డవాడు ఇక ఎక్కడికెళ్లినా తల ఎత్తుకుని తిరగొచ్చు.

లోవరాజు మేకు పడకముందే తల ఎత్తుకుని తిరుగుతున్నాడు. దానికి కారణం అతని లెన్స్.

కొన్ననాడే, ఇంకా షాపులో ఉండగానే, దాని ముందు ఒక ఫిల్టర్ బిగించేశాడు. దుమ్మూ గీతలూ లెన్స్‌కి తగలకుండా అడ్డంగా ఉండే పారదర్శకమైన గాజు అది. నాలుగేళ్లలో దాన్ని ఒక్కసారి కూడా విప్పలేదు. ఆ లెన్స్ అద్దానికి గాలి అంటే ఏమిటో తెలియదు. రోజుకి మూడుసార్లు మెత్తటి గుడ్డతో ఫిల్టర్ తుడిచి, వెలుగులో అటూ ఇటూ తిప్పి చూసుకునేవాడు. ఎవరైనా అడిగితే చాలు, "నిన్న కొన్నట్టుంటుందండి" అని చేతికిచ్చి మరీ చూపించేవాడు. అడగనివాళ్లకీ చూపించేవాడనుకోండి.

అలాంటివాడికి మాస్టారి లెన్స్ చూస్తే ప్రాణం ఉసూరుమనేది. దాని ముందు అద్దం మీద, అంచు దగ్గర, గోరంత పొడుగు గీత ఉంది. ఎప్పుడో పుష్కరాల రద్దీలో ఒకావిడ రేవు మెట్ల మీద జారిపోతుంటే మాస్టారు రెండు చేతులా ఆవిణ్ణి పట్టుకున్నారట. మెడలో ఉన్న కెమెరా ఊగి రాతి మెట్టుకి కొట్టుకుంది.

"ఫిల్టర్ ఉండుంటే ఆ గీత పడేది కాదు కదండీ గురువుగారూ?" అన్నాడు ఒకరోజు లోవరాజు.

"పడేది కాదు" అని మాస్టారు వెంటనే ఒప్పేసుకున్నారు.

"మరి ఇప్పుడైనా పెట్టుకోవచ్చు కదండీ?"

మాస్టారు టీ గ్లాసు కింద పెట్టి గోడ వైపు చూపించారు. "వాటిలో గీత పడ్డాక తీసినవి ఏవో చెప్పరా. పెట్టుకుంటాను."

ఆ పూటంతా లోవరాజు గోడ ముందే ఉన్నాడు. స్టూలెక్కి చూశాడు, ముక్కు ఆనించి చూశాడు. ఒక్కటి కూడా చెప్పలేకపోయాడు. అయినా ఓడిపోయానని అనుకోలేదు. మాస్టారి అదృష్టం బాగుందని సరిపెట్టుకున్నాడు.

ఆ ఏడు పోలి పాడ్యమి వచ్చింది. కార్తీక మాసం ముగిసిన మర్నాడు తెల్లవారకముందే ఆడవాళ్లు గోదావరిలో తలారా స్నానం చేసి, అరటి దొప్పల్లో దీపాలు పెట్టి నీళ్లలో వదులుతారు. వదిలాక చేత్తో నీళ్లని మూడుసార్లు తోస్తారు, దీపం ఒడ్డు విడిచి వెళ్లడానికి. ఆ దీపం స్వర్గం దాకా దారి చూపిస్తుందని వాళ్ల నమ్మకం. ముందురోజే అమావాస్య కాబట్టి ఆకాశం కాటుకలా ఉంటుంది.

రేవు దగ్గర పూలకొట్టు పెట్టుకున్న రత్తమ్మ తన కోడళ్లతో, చెల్లెళ్లతో వచ్చి ఏడు దీపాలు వదిలింది. లోవరాజు మెట్ల మీద నిలబడి ఫోటో తీశాడు.

ఇంటికెళ్లి పెద్దగా చేసి చూసుకుంటే గుండె ఆగినంత పనైంది. కింద నీళ్లలో ఏడు దీపాలు. పైన నల్లటి ఆకాశంలో, ఎవరూ పెట్టని ఇంకో ఏడు దీపాలు, లేత పచ్చటి వెలుగుతో మసగ్గా పైకి పోతున్నట్టున్నాయి.

అవి ఎలా వచ్చాయో అతనికి తెలియదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు. ఇన్నాళ్ల తన శ్రద్ధకి ఆ గంగమ్మ తల్లే మెచ్చి ఇచ్చిందనుకున్నాడు.

రత్తమ్మ ఫోటో చూసి వేలితో లెక్కపెట్టింది. "మేం వదిలింది ఏడే కదరా అబ్బాయ్. ఆ పైవి ఎవరివి?"

"మీయేనండి పిన్నిగారూ. పైకెళ్లిపోయాయి."

రత్తమ్మ ఫోటోని కళ్లకద్దుకుంది.

ఇక ఊరు ఊరంతా అదే మాట. స్టూడియో ముందు జనం గుమిగూడారు. రేవు ఉత్సవ కమిటీవాళ్లు ఆ ఫోటోని నిలువెత్తు ఫ్లెక్సీ చేయించి మెట్ల దగ్గర కట్టారు. ఆదివారం సాయంత్రం రేవు మండపంలో సన్మానం అని కబురు పెట్టారు. లోవరాజు నడక మారిపోయింది. టీకొట్టు దాకా వెళ్లడానికి కూడా ఇస్త్రీ చొక్కా వేసుకునేవాడు.

మాస్టారు మాత్రం ఫోటో ఒకసారి చూసి బల్ల మీద పెట్టేశారు.

లోవరాజు దానికి మంచి ఫ్రేము కట్టించి తెచ్చి, గోడ మీద ఖాళీ ఉన్నచోటికి సరిగ్గా కిందే నిలబెట్టాడు. మర్నాడు సుత్తి కూడా తీసి బల్ల మీద కనపడేలా పెట్టాడు. మాస్టారు దాన్ని తిరిగి సొరుగులో పెట్టారు. ఆ మర్నాడు లోవరాజు సుత్తి పక్కన మేకు కూడా పెట్టాడు. మాస్టారు రెండూ సొరుగులో పెట్టారు.

ఆదివారం మధ్యాహ్నానికి అతని ఓపిక అయిపోయింది.

"గురువుగారూ, ఊరంతా బాగుందంటోంది. మీరొక్కరే ఏమీ అనట్లేదు. ఇందులో లోపమేంటో చెప్పండి, పోనీ."

మాస్టారు లేచి కిటికీ తలుపులు మూశారు. గదిలో చీకటి అలుముకుంది. ఒక ప్రమిదలో నూనె పోసి, ఒత్తి వేసి వెలిగించి, దూరంగా ముక్కాలిపీట మీద పెట్టారు. లోవరాజు కెమెరాని స్టాండుకి బిగించి దీపం వైపు తిప్పారు.

"ఎన్ని దీపాలున్నాయి?"

లోవరాజు కెమెరా వెనక తెర మీదకి వంగాడు. కింద దీపం ఉంది. పైన, గోడ మీద చీకట్లో, లేత పచ్చగా ఇంకొకటి ఉంది.

"రెండండి."

"సరిగ్గా చూడు. పైది ఎటు తిరిగి ఉంది?"

చూశాడు. పైన ఉన్న దీపం తలకిందులుగా వేలాడుతోంది. పైకి పోయే దీపానికి మొన కిందికి ఎందుకుంటుందో ఇన్నాళ్లూ తట్టనే లేదు.

మాస్టారు వచ్చి ఫిల్టర్ విప్పబోయారు. అది రాలేదు. నాలుగేళ్లుగా ఉన్నచోటే ఉండి మరలు బిగుసుకుపోయాయి. ఆయన మిఠాయి పొట్లానికి వచ్చిన రబ్బరు బ్యాండు ఒకటి తీసి ఫిల్టర్ అంచు చుట్టూ వేసి, పట్టు దొరికాక మెల్లగా తిప్పారు. కిర్రుమంటూ కదిలి ఊడి వచ్చింది.

"ఇప్పుడు?"

"ఒకటేనండి."

మాస్టారు ఫిల్టర్‌ని మళ్లీ అద్దం ముందు పెట్టారు. రెండో దీపం వచ్చింది. తీశారు, పోయింది. మూడుసార్లు అలా చేసి, ఫిల్టర్‌ని అతని అరచేతిలో పెట్టి, కిటికీ తెరిచి, వెళ్లి తన కుర్చీలో కూర్చున్నారు.

లోవరాజు ఫ్రేము చంకన పెట్టుకుని సన్మానానికి బయల్దేరాడు. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఆ మాట దారి పొడుగునా అతనితో పాటే వచ్చింది. మెట్ల దగ్గర కట్టిన నిలువెత్తు ఫ్లెక్సీలో ఏడు దీపాలు తలకిందులుగా వేలాడుతున్నాయి. నాలుగు రోజులుగా ఇంతమంది చూశారు, తనకి తప్ప ఇప్పుడు అవి ఎవరికీ అలా కనిపించడం లేదు. దాంతో అతనికి మరీ సిగ్గేసింది.

కమిటీ అధ్యక్షుడు శాలువా కప్పి, రెండు మాటలు మాట్లాడమని మైకు చేతికిచ్చాడు. ముందు వరసలో రత్తమ్మ కూర్చుని ఉంది.

"ఆ పైన కనిపిస్తున్నవి దీపాలు కావండి" అన్నాడు లోవరాజు. "నా లెన్స్ ముందు గాజొకటి బిగించుకుని తిరుగుతున్నాను, దుమ్ము పడుతుందని. కింది దీపాల వెలుగు దాంట్లో పడి అలా వచ్చింది. అది దేవుడిచ్చింది కాదండి. నా గాజు చేసిన పని."

మండపంలో వెనకెవరో కిసుక్కుమన్నారు. అధ్యక్షుడి ముఖం మాడిపోయింది.

"పైకెళ్లాయని నాతో నువ్వే చెప్పావు కదరా?" అంది రత్తమ్మ కూర్చున్న చోటి నుంచే.

"తప్పు చెప్పానండి పిన్నిగారూ."

ఆవిడ లేచి వచ్చి ఫ్రేము చేతిలోకి తీసుకుంది. పై సగాన్ని అరచేత్తో మూసేసి, కింది సగాన్ని చాలాసేపు చూసింది.

"మేం వదిలినవి ఏడూ ఉన్నాయిగా" అంది చివరికి. "వచ్చే ఏడు వీటినే సరిగ్గా తియ్యి."

లోవరాజు శాలువా మడిచి అధ్యక్షుడికి తిరిగి ఇచ్చాడు. ఆయన మొహమాటానికైనా వద్దనకుండా తీసుకున్నాడు.

స్టూడియోకి తిరిగి వచ్చేసరికి మాస్టారు తలుపు వేయబోతున్నారు. లోవరాజు జరిగిందంతా చెప్పి, చేతిలో ఉన్న ఫిల్టర్ చూపించాడు. "దీన్ని గోదాట్లో పారేస్తానండి. ఇక జన్మలో పెట్టను."

"ఇప్పుడు దానిమీద కోపమా?" అన్నారు మాస్టారు. ఆ ఫిల్టర్ తీసుకుని, శుభ్రంగా తుడిచి, చిన్న గుడ్డలో చుట్టి, లోవరాజు చొక్కా జేబులో పెట్టి, జేబుకి బొత్తాం కూడా పెట్టారు. "అన్నం తిన్నావా?" అని అడిగారు.

ఆ ఏడాది అంతా లోవరాజు లెన్స్‌ని వట్టి అద్దంతోనే వాడాడు. మొదట్లో చంటిపిల్లని ఎండలోకి తెచ్చినట్టు అరచెయ్యి అడ్డం పెట్టుకుని తిరిగేవాడు. ఒక పెళ్లిలో అక్షింతలు వచ్చి లెన్స్ అద్దానికి టపటపా తగిలాయి. గుండె గుభేలుమంది. తుడిచి చూస్తే ఏమీ కాలేదు. అప్పటి నుంచి చెయ్యి అడ్డం పెట్టడం మానేశాడు. జేబులో గుడ్డమూట మాత్రం అలాగే ఉంది. చొక్కా మార్చినప్పుడల్లా అదీ మారేది.

మళ్లీ పోలి పాడ్యమి వచ్చింది. ఈసారి అతను మెట్ల మీద నిలబడలేదు. మోకాలి లోతు నీళ్లలోకి దిగాడు. రత్తమ్మ వాళ్లు దీపాలు వదిలారు. ఆవిడ వంగి చేత్తో నీళ్లని ఒకసారి తోసింది, రెండుసార్లు తోసింది. రెండోసారికి నీటి చుక్కలు ఎగిరి లెన్స్ మీద పడ్డాయి. లోవరాజు చొక్కా అంచుతో ఒక్క తుడుపు తుడిచి, మూడోసారికి కెమెరా ఎత్తాడు.

తడి బట్టలతోనే స్టూడియోకి వచ్చి, ప్రింటు తీసి, మాస్టారి బల్ల మీద పెట్టాడు. ఫ్రేము కట్టించలేదు. ఎలా ఉందని అడగలేదు. మెడలో కెమెరాతో ఓ పక్కగా నిలబడ్డాడు.

మాస్టారు కళ్లజోడు పెట్టుకుని చూశారు. నీళ్లలో ఏడు దీపాలు. పైన ఏమీ లేని నల్లటి ఆకాశం. ముందున్న దీపం జానెడు దూరం కదిలి ఉంది. దాని వెనక రత్తమ్మ చెయ్యి ఇంకా నీళ్లలోనే ఉంది. తడిసిన చేతిగాజుల మీద దీపం వెలుగు, వేళ్ల సందుల్లోంచి జారుతున్న నీళ్లూ కనిపిస్తున్నాయి. నాలుగు వేళ్లూ దీపం వైపే చాచి ఉన్నాయి, వెళ్లు వెళ్లు అన్నట్టు.

లోవరాజుకి ఆ ఫోటో అంటే గర్వంగానే ఉంది. ఎవరూ ఏమీ అనకపోయినా పోయే గర్వం కాదది. మాస్టారు మేకు కొట్టకపోయినా ఆ ఫోటో అలాగే ఉంటుందనుకున్నాడు. అనుకున్నాడు గానీ, కళ్లు మాత్రం సొరుగు మీదే ఉన్నాయి.

మాస్టారు చాలాసేపటికి కళ్లజోడు తీశారు. సొరుగు లాగిన చప్పుడైంది. స్టూలు గోడ దగ్గరికి జరుపుకుని, మోకాలి మీద చెయ్యి ఆనించి మెల్లగా ఎక్కారు. ఖాళీ ఉన్నచోట బొటనవేలితో సున్నాన్ని ఒకసారి నొక్కి చూశారు. అప్పుడు వెనక్కి తిరిగారు.

"ఒరే, జేబులో ఆ ఫిల్టర్ ఉందా?"

"ఆయ్, ఉందండి."

"లెన్స్‌కి పెట్టుకో. సున్నం రాలుతుంది."